తెనాలి వెళ్ళిన భానుమూర్తి

నాగేశ్వరికి అబద్ధం చెప్పడం బొత్తిగా చేతకాదు. కూరలో ఉప్పెక్కువైతే ఎవరూ అనకముందే తనే ఒప్పేసుకునే రకం. అలాంటి ఇల్లాలు మూడు నెలలుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ మొత్తాన్ని నమ్మిస్తూ వస్తోంది, తన భర్త భానుమూర్తి తెనాలిలో తమ్ముడి దగ్గర ఉన్నాడని. ఆ తమ్ముడు పోయి పదేళ్ళైంది. భానుమూర్తి మాత్రం శుభ్రంగా ఇక్కడే, మూడో అంతస్తులో, మూసిన తలుపు వెనక సోఫాలో కూర్చుని ఉన్నాడు.

ఎందుకొచ్చిన తంటా ఇది అంటారా? చెప్తాను. ఆయన చాలా ఏళ్ళు ఇక్కడి కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పాడు. గొంతు విని వీధిలో పిల్లలు నడక మార్చుకునేవారు. ఇప్పుడు మతిమరుపు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అని వెతుక్కునే మతిమరుపు కాదు, కళ్ళజోడు దేనికో కూడా తెలియని మతిమరుపు. పొద్దున లేస్తే క్లాసుకి టైమైందని బయల్దేరేవాడు. ఒకసారి పై అంతస్తులో శ్రీకళ ఇంట్లోకి వెళ్ళి, కార్టూన్లు చూస్తున్న వాళ్ళ పాపని నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పమన్నాడు. దానికి అందరూ నవ్వుకున్నారు.

ఇంకోసారి నవ్వలేదు. నాగేశ్వరి స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన కాఫీ పెట్టుకుందామని స్టవ్ వెలిగించి, ఖాళీ గిన్నె పెట్టి, వెళ్ళి పడుకున్నాడు. మెట్లనిండా పొగ. సాయంత్రం అపార్ట్‌మెంట్ సెక్రటరీ రామారావు, ఇంటి ఓనరు, ఇంకో నలుగురు గుమ్మం ముందు నిలబడి నానా మాటలూ అన్నారు. పిల్లలున్న బిల్డింగు, ఆయన్ని ఎక్కడికైనా పంపండి, లేదంటే ఖాళీ చెయ్యండి అన్నారు. భానుమూర్తి బెదిరిపోయి భార్య వెనక్కి చేరి, ఆమె పైట పట్టుకుని నిలబడ్డాడు. అంత మనిషి.

వాళ్ళనీ తప్పు పట్టలేం. ఎవరి భయం వాళ్ళది. కానీ పంపమంటే ఎక్కడికి పంపాలి? పిల్లల్లేరు. బడంగ్‌పేట్‌లో ఒక వృద్ధాశ్రమం ఉందంటే వెళ్ళి అడిగింది. తన పనులు తాను చేసుకోగలిగినవాళ్ళనే చేర్చుకుంటామన్నారు. సంతోషం! అన్నీ చేసుకోగలిగినవాడు ఆశ్రమానికెందుకు వస్తాడో వాళ్ళే చెప్పాలి. ఇదే గొడవ మీద సైదాబాద్‌లో ఒక ఇల్లు అప్పటికే ఖాళీ చేసొచ్చింది నాగేశ్వరి. మళ్ళీ ఇళ్ళ వేటకి తిరగడానికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు. మర్నాడు శ్రీకళ మెట్ల మీద కనబడి "అంకుల్ ఎట్లున్నరు ఆంటీ?" అని అడిగితే, "తెనాలి పంపించేశానమ్మా, వాళ్ళ తమ్ముడి దగ్గరకి" అంది. ఎలా వచ్చిందో ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వచ్చేశాక ఇక దాన్ని కాపాడుకుంటూ రావాల్సొచ్చింది.

కర్టెన్లు వేసేసింది. టీవీ సౌండు పెంచింది. కూరలకి కిందికి దిగినా బయట తాళం వేసుకుని దిగేది, పరుగులాంటి నడకతో తిరిగొచ్చేది.

ఆ రోజు ఆయన మాత్రలు అయిపోయాయి. అవి లేకపోతే నిద్రపోడు, తననీ పోనివ్వడు, గోడలు తడుముకుంటూ తిరుగుతాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అడిగిన ప్రతి మెడికల్ షాపువాడూ స్టాకు లేదన్నాడు. ఎల్బీనగర్‌లో ఒక షాపులో ఉన్నాయని ఫోన్లో తేలింది. మెట్రో ఎక్కితే ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వచ్చేయొచ్చనుకుంది. ఆయనకి పాలు కాచి ఇచ్చి, తాళం వేసి, బయల్దేరింది.

మాత్రలు దొరికాయి కూడా. షాపు మెట్లు దిగి రోడ్డు మీద కాలు పెట్టిందో లేదో, రాంగ్ రూట్లో వచ్చిన బైకొకటి గుద్దేసి పోయింది. వాడు వెనక్కి తిరిగి చూడనైనా లేదు, చూస్తే వాడి సొమ్మేం పోయేదో. లేవబోతే నడుం కింద ప్రాణం పోయినంత నొప్పి. ఎవరో పుణ్యాత్ములు ఆటోలో వేసి దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి చేర్చి, చేతిసంచీ పక్కన పెట్టి వెళ్ళారు.

"కదలకుండ్రి అమ్మా. తుంటి బొక్క ఇరిగినట్టుంది. ఆపరేషన్ పడ్తదేమో" అంది అమల అనే నర్సు.

నాగేశ్వరికి తుంటి గోల పట్టలేదు. తాళంచెవి చేతిలోనే ఉంది, పడ్డప్పుడు కూడా వదల్లేదు. ఆమెని తొలిచేస్తున్నది వేరు. పాలు కాచాక సిలిండరు దగ్గర గ్యాస్ కట్టేసిందా? రోజూ కట్టేస్తుంది. రోజూ చేసే పని కాబట్టే, చెయ్యి నాబ్ తిప్పడం కళ్ళకి కడుతోంది కానీ అది ఈ రోజుదో నిన్నటిదో తేలడం లేదు. కట్టకపోతే? ఆయన మళ్ళీ కాఫీ పెట్టుకుంటానంటే?

"మా ఆయన ఇంట్లో ఉన్నారమ్మా. బయట తాళం వేసొచ్చాను. ఎవరైనా వెళ్ళి తీయాలి, నీకు పుణ్యముంటుంది."

అమల మంచి పిల్ల. వెంటనే సంచీలోంచి ఫోన్ తీసి, నాగేశ్వరి చెప్పినట్టు శ్రీకళకి కలిపింది. ప్రమాదం సంగతి చెప్పి, ఇంట్లో ఆయన ఉన్నాడట అనీ చెప్పింది. అవతల ఏం విందో, మొహం మారిపోయింది. కాస్త పక్కకి జరిగి గొంతు తగ్గించి మాట్లాడింది. వచ్చి నాగేశ్వరి నుదుటి మీద చెయ్యేసింది.

"అమ్మా, తలకేమన్న దెబ్బ తాకిందా? మీ సారు తెనాలిల ఉన్నడంట గదా."

"లేరమ్మా! ఇంట్లోనే ఉన్నారు!"

"మంచిదమ్మా, ఉన్నరు. పరేషాన్ గాకుండ్రి." అమల డ్యూటీ డాక్టరు వైపు తిరిగింది. "సార్, పేషెంట్ జర కన్ఫ్యూజ్డ్‌గ మాట్లాడ్తున్నది. తలకు గుడ స్కాన్ రాయుండ్రి."

చూశారా ఎంత బాగుందో! మూడు నెలలు అబద్ధం చెప్తే అందరూ నమ్మారు. ఒక్క నిజం చెప్తే తలకి స్కాన్ రాశారు. నాగేశ్వరి ఎంత గట్టిగా మొత్తుకుంటే వాళ్ళకి అనుమానం అంత గట్టిపడింది. మెత్తగా చెప్పింది, బతిమాలింది, దణ్ణం పెట్టింది. చివరికి ఏడుపొచ్చేసి, ఫోన్ ఒక్కసారి తన చెవి దగ్గర పెట్టమంది. అమల పెట్టింది.

"శ్రీకళా, నేనే. నా తలకేం కాలేదమ్మా. అబద్ధం చెప్పాను. అంకుల్ని ఎక్కడికీ పంపలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారని దాచాను."

"మూడు నెలల సంది లోపల్నే ఉన్నరా?" అంది శ్రీకళ. "నాకన్న చెప్పకపోతిరి ఆంటీ. నేను గుడ గంత కాని మనిషినైపోయిన్నా?"

"నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా, తర్వాత తిట్టు. గ్యాస్ కట్టానో లేదో గుర్తులేదు. ముందు చూడు."

శ్రీకళ ఫోన్ పెట్టకుండానే కిందికి పరిగెత్తింది. వాచ్‌మన్ గజేందర్‌ని కేకేసి తీసుకొచ్చిన చప్పుడు, బెల్లు కొట్టిన చప్పుడు, తలుపు దబదబా బాదిన చప్పుడు అన్నీ నాగేశ్వరికి వినబడుతున్నాయి. తలుపు అక్కడ, తాళంచెవి ఇక్కడ.

"సారూ! ఓ సారూ!" అని పిలిచి పిలిచి గజేందర్ ఫోన్లోకి వచ్చాడు. "లోపల ఎవ్వరు లేరమ్మా. సప్పుడు లేదు. బయటికెల్లి తాళముంటే లోపల మనిషి ఎట్లుంటడు?"

ఎందుకు పలకడో నాగేశ్వరికే తెలుసు. తాళం వేసి వెళ్ళేటప్పుడల్లా ఆయన గడ్డం పట్టుకుని చెప్పేది, నేనొచ్చేదాకా ఎవరు పిలిచినా పలకొద్దు, పలికితే ఆ రోజు అరిచినవాళ్ళు మళ్ళీ వస్తారు అని. అన్నం తిన్నది గుర్తుండదు, పెళ్ళైన ఊరు గుర్తుండదు. ఈ మాట మాత్రం గుర్తుండిపోయింది. భయపెట్టి చెప్పింది కదా మరి. లేక నిజంగానే పలకలేని స్థితిలో ఉన్నాడా?

"ఫోన్ స్పీకర్లో పెట్టి తలుపుకి ఆనించు బాబూ" అంది. ఆనించాడు.

"ఏవండీ!"

క్యాజువాల్టీలో అందరూ తలతిప్పి చూశారు. ఆమె పట్టించుకోలేదు. "ఏవండీ! నేనండీ! పలకండి!"

తలుపు అవతల నుంచి, టీవీ మోతలోంచి, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడు.

"వచ్చావా?" అన్నాడు భానుమూర్తి. "ఎవరో పిలిచారు. నువ్వు పలకొద్దన్నావుగా, నేను పలకలేదు."

మెచ్చుకుంటుందని చూసే చిన్నపిల్లాడి గొంతు అది. నాగేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భోరుమంది. అమల కళ్ళు కూడా తడిశాయి. అమల "సారీ అమ్మా" అని గొణిగింది.

గజేందర్ ఇనపరాడ్డుతో రెండు దెబ్బలు వేస్తే తాళం, దాంతోపాటు గడియ ఊడొచ్చాయి. "అంకుల్ మంచిగనే ఉన్నరు ఆంటీ! గ్యాస్ బందే ఉంది!" అని శ్రీకళ అరిచింది. నాగేశ్వరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వెయ్యి దేవుళ్ళకి ఒకేసారి దణ్ణం పెట్టుకుంది. అప్పటికిగానీ తుంటి నొప్పి గుర్తు రాలేదు. స్ట్రెచర్ తోసుకుంటూ ఎక్స్‌రేకి తీసుకెళ్తుంటే, "ఆయన్ని కాస్త చూస్తుండమని శ్రీకళకి చెప్పమ్మా" అని అమలకి చెప్పి వెళ్ళింది.

ఎక్స్‌రే, తలకి స్కాను, మళ్ళీ ఇంకేదో. తిరిగి తీసుకొచ్చేసరికి అమల ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటికీ ఇవ్వలేదు. ఇవ్వమని చెయ్యి చాపితే ఇచ్చింది.

శ్రీకళ ఏడుస్తోంది. మాట మాట కలవడం లేదు. తాళం పగలగొట్టిన చప్పుడుకి అందరూ వచ్చారట. రామారావు గారు, ఓనరు కూడా వచ్చారట. ఇంత మోసమా అని ఒకరు, పాపం పెద్దావిడ ఏం చేస్తుందని ఒకరు, హాల్లో నిలబడి కొట్లాడుకున్నారట. గజేందర్ గడియ బాగుచెయ్యడానికి వడ్రంగిని పిలవడానికి వెళ్ళాడట. పాప స్కూలు వ్యాను వచ్చిందని శ్రీకళ ఒక్క నిమిషం కిందికి దిగిందట. ఒకరున్నారు కదా అని ఒకరు, అందరూ ఉన్నారు కదా అని అందరూ.

"అంకుల్ కనపడ్తలేరు ఆంటీ."

నాగేశ్వరికి అర్థం కాలేదు. "క్లాసుకని వెళ్ళుంటారు. కోచింగ్ సెంటర్ల వైపు చూడండమ్మా."

"కాదు ఆంటీ. గేటు కాడ ఇస్త్రీ బండి ఈరమ్మను అడిగిన్రంట." ఈరమ్మే ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నాకేం తెలుసమ్మా! సారు ఊర్ల లేడనుకున్న, అచ్చిండని సంబరపడ్డ. మా ఆవిడ ఇప్పుడే తలుపు బయట నుంచి పిలిచింది, తలుపు తీసి చూస్తే లేదు, ఎటు పోయిందని అడిగిండు. పొద్దుగాల నువ్వు మెట్రో దిక్కు పోంగ చూసిన గదా, గదే చెప్పిన. పాపం, నాకు దణ్ణం పెట్టి గటే పోయిండు."

ఈరమ్మ చెప్పింది నిజమే. ఎవ్వరూ ఏ తప్పూ చెయ్యలేదు. గజేందర్ అంతా వెతుకుతున్నాడు, పోలీసులకీ చెప్పారు. ఆయన జేబులో ఫోన్ లేదు, చీటీ లేదు. ఎదుటివాళ్ళు అడిగితే చెప్పడానికి భార్య పేరు తప్ప ఇంకో ముక్క రాదు. మెట్రో కింద ఆ మిట్టమధ్యాహ్నపు జనంలో తెల్లచొక్కా ముసలాయన ఒకడు పోతుంటే ఎవరు ఆపుతారు?

నాగేశ్వరి రెండు చేతులూ స్ట్రెచర్ కడ్డీకి ఆనించి లేవబోయింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ లేవబోయింది. అమల భుజాలు పట్టుకుని పడుకోబెట్టి, "ఒద్దమ్మా, ఒద్దు" అంటూ తనూ ఏడ్చేసింది.

ఎముకల డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఈ సంగతులేవీ తెలియవు. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, రేపే ఆపరేషన్ చేసేద్దామన్నాడు.

"మీ తరఫున ఎవరైనా వస్తున్నారా అమ్మా?"

"మా ఆయన బయల్దేరారు బాబూ. నా కోసమే వెతుక్కుంటూ బయల్దేరారు" అంది నాగేశ్వరి. "ఎక్కడికి రావాలో ఆయనకి తెలీదు."