మొదటి ముద్ద

“గిన్ని గోళీలు మింగి కూడ గా గోకుడేందే? నలుగుర్ల ఇజ్జత్ పోతంది” అంది అత్త సారవ్వ, అన్నం కలుపుకుంటూనే. కొమురమ్మ గోకుతున్న చేతిని కొంగులో దాచుకుని, మరో చేత్తో కూర వడ్డించింది.

కిడ్నీలు చెడినప్పటి నుంచి ఒళ్లంతా దురదే. రక్తంలో భాస్వరం పెరిగింది, ఇట్లాగే ఉంటే ఎముకలు గుల్లబారతాయని కరీంనగర్ దవాఖానలో చెప్పి, అన్నం వేళకు నమలమని గోళీలిచ్చారు. ఆ ఇంట్లో అన్నం వేళంటే మొగుడు సదయ్య తినే వేళే. బొగ్గుబాయిలో అతని షిఫ్టు మారితే వేళా మారుతుంది. ఇప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది కాబట్టి, టెంటు నుంచి ఎప్పుడొస్తే అదే వేళ. అతని కంచంలో అన్నం పెట్టగానే కొమురమ్మ గోళీ నమిలేది, ఒక్కపూట తప్పకుండా. అందరూ తిని లేచాక, గిన్నెలు సర్దుకుని, అడుగూ బొడుగూ ఏదుంటే అది తినేది. కోడలు ముందు తింటే ఇంటికి దరిద్రమని పెళ్లయిన కొత్తలో సారవ్వ అన్నది. అన్న మనిషి మరిచిపోయినా పడిన మనిషి మరవలేదు.

ఈసారి రిపోర్టు చూసి డాక్టరమ్మ విసుక్కుంది.

“గోళీలు వేసుకుంటలేవా?”

“వేసుకుంటున్న మేడం. మా ఆయనకు అన్నం పెట్టంగనే.”

“మరి నువ్వెప్పుడు తింటవ్?”

“అందరు తిన్నంక.”

డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టింది. “నువ్వు తినే అన్నంల భాస్వరాన్ని పట్టుకునేటందుకమ్మా గా గోళీ. ఒట్టి కడుపుల పడితే దేన్ని పట్టుకుంటది?”

బస్సులో కూర్చున్నాక కొమురమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ మొగుడి అన్నానికి తను మందు మింగింది! తన కడుపుకొక వేళ ఉంటుందని తనకే తట్టనందుకు ఒళ్లు మండిపోయింది.

గోదావరిఖనిలో క్వార్టరుకు చేరేసరికి చాలా అలసిపోయింది. అయినా వంట తప్పలేదు. అన్నం వార్చేసరికి సదయ్య రానే వచ్చాడు. “జల్ది పెట్టు. మల్ల టెంటుకు పోవాలె. మన వాటా మనకు వచ్చేదాంక లేచేది లేదు.”

కొమురమ్మ ఒకే కంచం తెచ్చి, పొగలు కక్కే అన్నం పెట్టుకుని తనే కూర్చుంది. గోళీ నోట్లో వేసుకుని ముద్ద కలిపింది. సదయ్య నిలబడి చూస్తుండిపోయాడు.

“ఏందే గిది? మొగోడు ఆకలితోని నిలబడి ఉండంగ!” సారవ్వ గొంతు లేచింది.

డాక్టరమ్మ చెప్పిందంటే ఇద్దరూ నోరు మూసుకునేవారు. మందు కోసమంటే ఆ ఇంట్లో ఏదైనా చెల్లుతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కొమురమ్మ దాన్ని అన్నంతో పాటు మింగేసింది.

“నాకు ఆకలైతంది అత్తమ్మా” అంది.