మారెక్క చచ్చిన పేజీ

ఆదివారం పొద్దున ఆసియా సంచిలో రెండు వస్తువులు పెట్టుకుని మారెక్క ఇంటికి బయలుదేరింది. ఒకటి తను రాసిన నవల చివరి అధ్యాయం. రెండోది చింతగింజల డబ్బా. ఒక్కతే పోవడానికి భయమేసి డబ్బాను తోడు తెచ్చుకున్నట్టుంది.

చెప్పాల్సింది చావు కబురు. చచ్చింది మారెక్కే. చంపింది ఆసియా, కాగితం మీద.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో ఇద్దరివీ పక్కపక్క మిషన్లు. పదో తరగతి తప్పిన ఆసియాకు రాయడం ఎవరూ నేర్పలేదు. యూనియన్ కరపత్రాలు రాసీ రాసీ చేయి తిరిగింది. కరపత్రంలో పట్టని సంగతులు మిగిలిపోతుంటే నవల మొదలుపెట్టింది. తనకు తానే ఒక కట్టడి పెట్టుకుంది. పేజీ రాస్తే డబ్బాలో ఒక చింతగింజ వెయ్యాలి. నవల పూర్తయ్యేసరికి డబ్బా నిండింది. ఆ తర్వాత దిద్దుబాటు. దిద్దిన పేజీకి ఒక గింజ తీసెయ్యాలి. డబ్బా ఖాళీ అయిన నాడు నవల అయినట్టు. జ్వరమొచ్చినా, కరెంటు పోయినా, ఓనరు తిట్టినా గింజ తియ్యకుండా పడుకోలేదు. అలాంటిది అడుగున గుప్పెడు గింజలు మిగిలాక చేయి ఆగిపోయింది. ఆ గుప్పెడూ మారెక్క చచ్చే అధ్యాయం.

నిజానికి మారెక్క చావలేదు. పోయిన ఎండాకాలం ఆర్డరు తొందర ఉందని ఓనరు గేటుకు తాళం వేయించాడు. కాలే రేకుల కింద మారెక్క మిషన్ మీదే వాలిపోయింది. ఆడవాళ్లంతా చేతుల్లో ఉన్నవి పారేసి, ఇస్త్రీ బల్ల ఎత్తి తాళం మీద కొట్టారు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కాక ఆమె లేచి కూర్చుంది. జరిగింది అది. నవలలో మాత్రం తాళం పగల్లేదు. కావాలనే పగలనివ్వలేదు ఆసియా. బతికిన మనిషిని రాస్తే చదివేవాళ్లు అమ్మయ్య అనుకుని పుస్తకం మూసేస్తారు. తాళాన్ని మరిచిపోతారు. మరవనిస్తే ఇక రాయడం దేనికి?

పేరు మార్చింది. ఏం లాభం? నడక మారెక్కదే, తిట్లు మారెక్కవే. షెడ్డులో ఎవరు చదివినా మొదటి పేజీలోనే పట్టేస్తారు. అనంతపురంలో చిన్న పత్రిక నడిపే నరసింహప్ప నవల వేస్తానన్నాడు, చివరి అధ్యాయం పంపమ్మా అని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. అచ్చయ్యేలోపు మారెక్కకు చెప్పి తీరాలి.

ఇంతలో ఆ పాడు కాకి. మిద్దె మీద బట్టలారేస్తున్న మారెక్కను తలమీద తన్నిపోయింది. కాకి తంతే చావు వస్తుందని అక్కడివాళ్ల భయం. దానికి విరుగుడూ ఉంది. మనిషి పోయిందని దూరపు చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు కుళ్లి కుళ్లి ఏడిస్తే గండం తప్పుతుంది. ఆనక బతికే ఉందని చెప్పేస్తారు. గుంతకల్లులో ఉండే చెల్లెలు బయమ్మకు కబురు పెడదామని ఇంట్లోవాళ్లంటే మారెక్క తిట్టిపోసింది.

"దానికి బీపీ ఉండాది. నా గండం దానికి చుట్టుకుంటాది. ఓనరుకు ఎదురుపోయినదాన్ని, కాకికి భయపడతానా?"

అనడం అన్నది గానీ, ఆ రోజు నుంచి మిద్దె ఎక్కడం మానేసింది. ఆసియా అది కనిపెట్టింది. తను రాసిన చావే కాకిగా వచ్చి తన్నిందేమోనని ఆమెకూ నిద్ర పట్టడం లేదు. అట్లాంటి మనిషి ముందు కూర్చుని ఆమె చావు చదవాలి. మారెక్క లేచి తలుపు వేసుకుంటే? నవల పోతే ఇంకొకటి రాసుకోవచ్చు. పక్క మిషన్ దగ్గర మారెక్క మాట్లాడకుండా కూర్చుంటే మాత్రం, ఆ షెడ్డులో ఒక పూట కూడా కుట్టడం తన వల్ల కాదు.

మారెక్క గడపలో కూర్చుని, పొద్దుటి టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు తడుపుతోంది.

"ఏం పాపా, డబ్బా మోసుకొచ్చినావు? ఖాళీ అయిందా?"

"అడుగున ఉండాయక్కా."

"పోయిన నెలా అట్లే ఉండె. నాకిచ్చింటే ఏయించి నమిలేస్తాంటి."

దారి పొడవునా ఆసియా అనుకుంటూ వచ్చింది, ముందు మంచినీళ్లు అడగాలని, ఆ తర్వాత మెల్లగా మాట కదపాలని. అవేవీ జరగలేదు.

"అక్కా, నవలలో నిన్ను సంపేసినా."

బొరుగులు పిండుతున్న చేయి ఆగింది. "ఎట్లా?"

"గేటు తియ్యరు."

"ఎవురూ?"

"ఎవురూ తియ్యరు."

తడి చేయి మెల్లగా పైకి లేచి, కాకి తన్నిన చోటికి పోయింది. "సదువు" అంది మారెక్క.

ఆసియా చదివింది. నవలలో ఆ మనిషి చచ్చే ముందు పేజీ నిండా మాట్లాడుతుంది. కష్టజీవుల నెత్తురు గురించి, రేపు రాబోయే వెలుగు గురించి, తన ప్రాణం వృథా పోదని. చదవడం అయిపోయింది. ఆసియా తల ఎత్తలేదు.

"ఇదెవురు?"

"నువ్వే అక్కా."

"నేను కాదు. నీళ్లు లేక నాలుక పిడచకట్టి పడిపోయినది ఇంతసేపు మాట్లాడతాదా? మైకు ఒకటి తక్కువైంది దీనికి."

ఆసియా చెవులు వేడెక్కాయి. అన్నిటికన్నా ఎక్కువసార్లు దిద్దినా గింజ తియ్యలేకపోయిన పేజీ అది. ఎందుకన్నిసార్లు దిద్దిందో ఇప్పుడు తెలిసింది. చంపుతున్నానన్న సిగ్గుతో మనిషికి నగల్లాగా మాటలు దిగేసింది.

"సంపినందుకు కాదా నీకు కోపం?"

"గేటు పగలకుంటే పోయిండేదాన్నే కదా, నాకు తెలీదా? ఆ చావు నిజమే. ఈ ఉపన్యాసమే అబద్ధం. ఆ పొద్దు నేనేమన్నానో గుర్తుండాదా నీకు?"

గుర్తుంది. చదివేవాళ్లు నవ్వుతారని రాయలేదు. మారెక్క చెప్పులు విడిచి మిషన్ తొక్కుతుంది. ఆ పొద్దు వాలిపోతూ అన్నది ఒకటే మాట.

"నా చెప్పులు యాడుండాయో చూడు పాపా, అన్నావు."

"అది రాయి. తక్కినదంతా కొట్టెయ్."

ఆసియా పెన్ను తీసి పేజీ ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టింది. నెత్తురు పోయింది, వెలుగూ పోయింది. అడుగున మిగిలిన చోట చెప్పుల మాట రాసింది. పక్క మిషన్ పిల్ల వంగి వెతుకుతుంది. చెప్పులు దొరుకుతాయి. చేత్తో పట్టుకుని తలెత్తేసరికి తొడుక్కునే మనిషి ఉండదు. అంతే. ఇంకొక్క మాట కూడా రాయలేదు.

రాసింది వినిపిస్తే మారెక్క లేచి, లోపలికి పోయి ఫోన్ తెచ్చింది.

"ఏమే బయా, కూసోనుండావా? మాత్ర ఏసుకున్నావా? నేను బాగుండా. మా ఆసియా నన్ను పుస్తకంలో సంపింది, విను. అంతా కథనే, ముందే చెప్తాండా."

స్పీకర్ పెట్టి ఆసియాకు సైగ చేసింది. ఆసియా మళ్లీ మొదటినుంచి చదివింది. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"అక్కా, చిన్నప్పుడు మనిద్దరికీ ఒకటే జత కదక్కా," అంది బయమ్మ. "నువ్వు తొడుక్కోని బడికి పోయిన పొద్దు నేను ఇంట్లో ఉంటాంటి. చెప్పుల మీద యావ ఇంకా పోలేదా నీకు?" అంటూనే ఏడుపు అందుకుంది. ఏడ్చి ఏడ్చి, మధ్యలో ఆపి, "బతికే ఉండావు కదా?" అని అడిగింది. ఉండానని చెప్పించుకుని మళ్లీ ఏడ్చింది.

ఫోన్ పెట్టేసి మారెక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది.

"కథ అని చెప్పినా ఏడ్సింది చూడు. లెక్కకొస్తాదంటావా?"

"ఏం లెక్క?"

"కాకి లెక్క."

ఇన్నాళ్లూ కాకి భయంతో నిద్రపోనిది తనొక్కతే కాదని ఆసియాకు అప్పుడర్థమయింది. ఒళ్లంతా తేలికయింది. "కన్నీళ్లు నిజమైనవే కదక్కా. వస్తాది" అంది.

"అట్లయితే అచ్చేయించు. చదివినోళ్లంతా ఏడ్సనీ. ఏడ్సినాక ఆ తాళం ఎవురేసినారో అడగనీ."

ఆసియా డబ్బా మూత తీసి ఒక గింజ బయటపెట్టింది. తర్వాతి పేజీ తిప్పింది. అక్కడా నగలున్నాయి, షెడ్డంతా కలిసి ఒకే గొంతుతో శోకాలు పెడుతోంది. దాని మీదా గీత కొట్టింది. ఇంకో గింజ. ఇక చేయి ఆగలేదు.

మారెక్క చెప్పులు తొడుక్కుని, మూలనున్న తడిబట్టల బకెట్టు ఎత్తుకుని మిద్దె మెట్లెక్కింది. పైన కాకులు అరుస్తున్నాయి. బట్టలు దులుపుతున్న చప్పుడు, వెనకే ఆమె కేక వినబడ్డాయి.

"పాపా, ఆ బొరుగులు మెత్తబడి పోతాండాయి. నువ్వే తిరగమోత పెట్టు. మిరక్కాయలు బాగా ఎయ్యి."

ఆసియా పెన్ను నోట కరుచుకుని, తిరగమోత పెట్టడానికి లేచింది.