పట్టాను అనేదాకా

వాగు పొంగి, ఎడారి అంచునున్న జరీద్ ఖర్జూర తోటల్లోకి వచ్చిన ఏడు అది. మట్టి గోడలు కరిగిపోయాయి గానీ ఖర్జూరాలు విరగకాశాయి. కోతల మొదటి రోజున, గేటు దగ్గర, అందరూ చూస్తుండగానే అన్యాయం జరిగింది.

మేనేజరు ఫెత్హీ ఒక పెట్టె తెరిచాడు. లోపల నారింజరంగు బెల్టులు. చెట్టెక్కేవాడు నడుముకు కట్టుకుని మానుకు తగిలించుకునేవి. తూర్పు తోట ముఠాను పిలిచి ఒక్కొక్కడికీ కట్టించాడు. పడమటి ముఠా చేతులు చాచింది. పెట్టె మూసేశాడు.

"మరి మాకో?" అన్నాడు పడమటి ముఠా మేస్త్రీ బెల్గాసెమ్.

రాజధాని నుంచి వచ్చిన హింద్ అనే చదువుకున్న పిల్ల జవాబు చెప్పింది. "కోపం వద్దు బాబాయ్. ఇది పరిశోధన. తూర్పు తోటకు బెల్టు, బీమా. పడితే ఆసుపత్రి ఖర్చు, మంచంలో ఉన్నన్నాళ్లూ సగం కూలి. మీ తోట ఎప్పటిలాగే. కోతలయ్యాక పోల్చి చూస్తాం. తేడా కనబడితే సర్కారు అందరికీ చట్టం చేస్తుంది."

"తేడా అంటే?"

ఆ పిల్ల తల దించుకుంది. "ఎవరు పడ్డారు, ఎవరు పడలేదు అని."

ఆ మాట బెల్గాసెమ్ చెవికెక్కలేదు. అతని కళ్లు సాస్సీ నడుము మీదున్నాయి. సాస్సీ అతని చెల్లెలి మొగుడు. వాడికి చెట్టెక్కడం నేర్పింది తనే. మొన్నటిదాకా మానుమీద తన కాళ్ల కింద కూర్చున్నవాడు. ఇవాళ తూర్పు ముఠాలో వాడికి బెల్టు!

సాస్సీ ఆ బెల్టుతోనే సాయంత్రం కాఫీ కొట్టుకు వచ్చాడు.

"ఏం బావా, కుర్చీలోంచి కూడా పడతావా?" అన్నాడు బెల్గాసెమ్.

"పడితే పడుకునే సగం కూలి తీసుకుంటా బావా. నీకైతే గొయ్యే గదా!"

కొట్టంతా నవ్వింది. బెల్గాసెమ్ నోట్లో టీ చేదెక్కింది. ఇంటికెళ్తే పెళ్లాం అతని బోడి నడుము వైపు ఒక్క చూపు చూసి పొయ్యి వైపు తిరిగింది.

ఎవరికీ ఇవ్వకపోవడం ఒక అన్యాయం. సగం మందికి ఇవ్వడం అంతకంటే పెద్దది.

జరీద్‌లో గెలను కిందికి విసరరు, పండు నలుగుతుంది. మేస్త్రీ పైన కోస్తాడు. అతని కింద మాను పొడుగునా, ఒకరి కింద ఒకరు, చీమల బారులా మనుషులు. గెల చేతి నుంచి చేతికి దిగుతుంది. పైవాడు "పట్టుకో" అంటాడు. కిందివాడు "పట్టాను" అనేదాకా వదలడు. తాతలనాటి కట్టు అది. మోకు లేని చోట ఆ మాటే మోకు.

ఫెత్హీ రోజూ వచ్చి పొడిచేవాడు. "తూర్పోళ్లు మీకంటే ముందున్నారు ముసలోడా. బెల్టు లేదని చేతులు కూడా లేవా?"

"కానివ్వండ్రా! బెల్టుగాళ్లకి తీసిపోతామా?" అని ఒకరోజు చెట్టు చివర నుంచి అరిచాడు బెల్గాసెమ్. గెల కోశాడు. "పట్టుకో!" అన్నాడు. "పట్టాను" రాకముందే వదిలేశాడు. అతని కాళ్ల కిందున్న కుర్రాడు జిలానీ రెండు చేతులూ చాచాడు. గెలతో పాటే పోయాడు.

కింద పళ్లు ఏరుతున్న ఆడవాళ్లలో జిలానీ తల్లి మహ్బూబా ఉంది. ఆమె ముందే పడ్డాడు. మళ్లీ లేవలేదు.

"రోజుకూలీ. బీమా లేదు. తీసుకెళ్లండి," అన్నాడు ఫెత్హీ.

హింద్ పక్కన నిలబడి ఏదో రాస్తోంది. మహ్బూబా ఆమె రెక్క పట్టుకుంది. "ఏం రాస్తన్నావే?"

"జరిగింది రాస్తున్నానమ్మా. ఈ రుజువుతో అందరికీ బెల్టులొస్తాయి."

"చెట్టుమీంచి పడితే సస్తారని తెలుసుకోడానికి నా కొడుకే కావలసొచ్చాడా మీకు?"

హింద్ రాస్తున్న కాగితం మడిచేసింది.

జిలానీకి మట్టి ఇచ్చి వచ్చాక, పొద్దుగూకే వేళ, రెండు ముఠాలూ కాలువ గట్టున చేరాయి.

"పడమటోళ్లే తొందరపడ్డారు," అన్నాడొకడు.

"బెల్టుగాళ్లకి మాటలెక్కువ!"

"మేమడిగామా బెల్టులు?"

"వద్దన్నారా మరి?"

బెల్గాసెమ్ లేచాడు. మాటలు తక్కువ మనిషి. "సాస్సీ బెల్టు చూసి కుళ్లాను. ఆ కుళ్లుతోనే గెల వదిలేశాను. ఫెత్హీగాడి చేతిలో కొరడా లేదు. నా కుళ్లే వాడి కొరడా. ఇప్పుడూ కుళ్లుగానే ఉంది, దాచను."

సాస్సీ బెల్టు విప్పి చాచాడు. "తీసుకో బావా."

బెల్గాసెమ్ చెయ్యి ముందుకు పోయింది. వెనక్కి వచ్చింది. "నేను కట్టుకుంటే రేపు నువ్వు పడతావు, నా చెల్లెలు ఏడుస్తుంది. సగం మందికే ఉన్నంతకాలం మనలో ఎవడో ఒకడు వాళ్లకి రుజువవుతాడు."

వెనక నిలబడ్డ హింద్ నెమ్మదిగా అంది. "రుజువులు ఎప్పుడో ఉన్నాయి బాబాయ్. వేరే తోటల్లో, వేరే దేశాల్లో చూసి తేల్చారు. ఈ తోటల యజమానికవి చాల్లేదు, మళ్లీ చూడమన్నాడు. చూసినన్నాళ్లూ ఇవ్వక్కర్లేదుగా. రెండు తోటలూ విడిగా ఉంటేనే ఈ పరిశోధన. కలిస్తే పాడైపోతుంది." వాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. "పాడుచెయ్యండి."

"అందరికీ బెల్టు, అందరికీ బీమా, మహ్బూబా పిన్నికి కూడా. అందాకా ఒక్క గెల దిగదు!" అన్నాడు సాస్సీ.

"మబ్బు పట్టింది. వానొస్తే పళ్లు పులుస్తాయి," అన్నాడొక ముసలాయన.

"పులవనీ!" అంది మహ్బూబా.

మర్నాడు పొద్దున్నే రెండు ముఠాలూ గేటు నుంచి రోడ్డుదాకా నేలమీద బారుగా కూర్చున్నాయి, మానుమీద కూర్చున్నట్టే. తూర్పోడు, పడమటోడు, మళ్లీ తూర్పోడు. గేటు దగ్గర, మాను మొదలనుకున్న చోట, మహ్బూబా. రోడ్డు వైపు కొస, అంటే చెట్టు చివర, మేస్త్రీది.

"ఇవాళ పైచోటు నీది బావా," అన్నాడు బెల్గాసెమ్. తను సాస్సీ వెనక, జిలానీ చోట కూర్చున్నాడు.

బెల్టులన్నీ చేతి నుంచి చేతికి దిగి గేటులో నిలబడ్డ ఫెత్హీ కాళ్ల ముందు కుప్పపడ్డాయి.

పోలీసు బండి వచ్చింది. ముందు సాస్సీ చెయ్యే పట్టి లాగారు.

"పట్టుకో బావా!"

నిన్నటిదాకా బెల్టున్న ఆ నడుముకు బెల్గాసెమ్ రెండు చేతులూ చుట్టాడు.

"పట్టాను," అన్నాడు.

అతని వెనకాల, గేటుదాకా, ఒక్కొక్క గొంతే పలికింది. పట్టాను. పట్టాను. పట్టాను.