ముత్తెం తొడుక్కున్న చొక్కా

బోగోలు దగ్గర పట్టపుపాళెంలో యెహోషువ బోటు నీళ్లలోకి దిగిందంటే, దాని ముందు కొన మీద ముత్తెం ఉండాల్సిందే. ముత్తెం వాళ్ల తెల్లకుక్క. ముక్కు గులాబీ రంగు, చెవులు వెలుతురుకు పెడితే నరాలు కనపడేంత పల్చన.

మార్చి మొదట్లో ఆ చెవుల అంచులు ఎర్రగా కందిపోయి, పొట్టు లేచాయి. ముత్తెం గోకి గోకి పుండు చేసుకుంది. యెహోషువ భార్య మెర్లిన్ తన సన్‌స్క్రీన్ రాయబోయి, ఎందుకో భయమేసి ఆగింది. ఇద్దరూ దాన్ని బండి మీద పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

"రాయకపోవడం మంచిదైంది తల్లీ," అన్నాడాయన. "మనం రాసుకునే వాటిల్లో జింకు ఉంటది. కుక్క నాకుతుంది, కడుపులోకి పోతే విషం. ఇది ఎండకు కాలిన చర్మం. తెల్లవాటికి ఈ బాధ ఎక్కువ. ఇట్లే వదిలేస్తే పోనుపోను చెవులకు క్యాన్సర్ కూడా రావచ్చు. పుండు మానేదాకా నీడలోనే ఉంచండి. మానినాక కూడా మిట్టమధ్యాహ్నం ఎండ తగలనీయొద్దు."

మూడు వారాలు ముత్తెం వసారాలోనే ఉంది. బోటు ఇంజను చప్పుడు వినపడితే చాలు, గొలుసు తెంపుకునేంత పని చేసేది. పుండు మానింది కానీ ముత్తెం సరిగ్గా తినడం మానేసింది. చూడలేక మెర్లిన్, స్కూలు యూనిఫారాలు కుట్టే ముంతాజ్ బేగం దగ్గరికి పోయింది.

"బేగమక్కా, మా ముత్తేనికి చొక్కా కావాల. చెవులు కూడా కప్పాల."

బేగం కళ్లు మెరిశాయి. "నలభై ఏళ్లుగా కుడతుండాను, ఇట్లాంటి కొలత ఎవురూ ఇయ్యలేదు!"

మొదటి చొక్కాను ముత్తెం కొరికి పీలికలు చేసింది. రెండోదాని టోపీ కళ్ల మీదికి జారి, ముత్తెం పోయి తలుపుకు గుద్దుకుంది. మూడోది దట్టమైన నూలు గుడ్డతో, గాలాడేట్టు వదులుగా, టోపీలో చెవులు దూరేందుకు రెండు సంచులతో కుట్టింది బేగం. ముత్తెం ఒళ్లు విదిలించింది. చొక్కా కదల్లేదు!

ఏటా ఏప్రిల్ నడుమ మొదలయ్యే చేపల వేట నిషేధానికి ఇంకా పది దినాలుంది. మరునాడు తెల్లారుజామున ముత్తెం ఒక్క దూకులో బోటెక్కింది.

"పది గంటల్లోపల తిరిగి రావాలయ్యా," అని ఒడ్డు మీంచి అరిచింది మెర్లిన్.

తొమ్మిదైనా వలలో ఏమీ పడలేదు. "పోదాం పా బావా," అన్నాడు బోటులో ఉన్న మెర్లిన్ తమ్ముడు సమాధానం. ఇంజను తిప్పబోతుండగా ముత్తెం లేచి తూర్పుకు చూసి మొరగడం మొదలుపెట్టింది. ఆగదే! యెహోషువ చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. దూరంగా నీళ్లు నల్లబడి, వాన చినుకులు పడినట్టు చిటపటలాడుతున్నాయి.

"కానాగంత చేపలురా! మంద! వల దించు!"

వల నిండింది. ఇద్దరూ లాగలేక లాగుతున్నారు. బోటు ఒక పక్కకు ఒరిగింది. వెండిలాగా మెరుస్తూ చేపలు ఎగిరెగిరి పడుతుంటే ముత్తెం వాటి మధ్య గంతులేస్తోంది. అంతలో యెహోషువ ఆకాశం చూశాడు. పదిన్నర దాటింది. సగం వల ఇంకా నీళ్లలోనే ఉంది.

"సమాధానం, కాసేపు వల పట్టుకో."

"ఇప్పుడా బావా? జారిపోతాది!"

"పోతే పోనీ."

గబగబా టార్పాలిన్ లాగి రెండు తెడ్లకు కట్టాడు. ముత్తేన్ని దాని కిందికి తోసి, తాగే నీళ్లు గిన్నెలో పోసి, మిగిలినవి చొక్కా మీద చల్లాడు. అప్పుడు గానీ మళ్లీ వల ముట్టుకోలేదు. జారిపోయినవి జారిపోయినా, బోటు నిండేటన్ని మిగిలాయి.

బోటు తిరిగొచ్చేసరికి ఒడ్డున ఊరంతా ఉంది. చొక్కా ఎట్లా పనిచేసిందో చూద్దామని బేగం కూడా ఆటోలో వచ్చింది. చేపల వంకే చూడలేదామె. నీడలో కూర్చుని ముత్తెం టోపీ విప్పి, చెవులు మెల్లిగా తడిమింది.

"చల్లగుండాయి మెర్లినా! ఎరుపే లేదు!"

మెర్లిన్ ఏడుస్తూ నవ్వుతూ కుక్కను కావిలించుకుంది. బేగం అప్పటికే టేపు తీసింది. "ఇంకోటి ఆకుపచ్చది కుడతా. ఉతికినప్పుడు మార్చేదానికి ఉండాల గదా."

కొలత తీయకముందే ముత్తెం విదిలించుకుని అలల వైపు పరుగు తీసింది, బోడి చెవులతో. "ఎండ! ఎండే ముత్తెం!" అని అరుస్తూ ముగ్గురూ దాని వెనక పడ్డారు.