కాటా కుర్చీలో లింగమూర్తి

జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన లింగమూర్తికి ఖాళీ కుర్చీ కనిపిస్తే చాలు, కూలబడటం అలవాటు. ఆ ఆదివారం అదే ఆయన కొంప ముంచింది.

రాయదుర్గంలో గాజు భవనాల నడుమ కొత్తగా తెరిచిన గుర్రప్పందాల మ్యూజియానికి ఆయన్ను భార్య భాగ్యమ్మ లాక్కొచ్చింది. గెలిచిన గుర్రాల ఫొటోలు, నాడాలు, జాకీల రంగురంగుల చొక్కాలు చూసుకుంటూ ఒక గదిలోకి వచ్చారు. అక్కడ పందేనికి ముందు జాకీలను తూచే పాతకాలపు కాటా ఉంది. దానికి ఒక పక్క ఇత్తడి కుర్చీ, ఇంకో పక్క తూకం రాళ్లు. గైడ్ ప్రియదర్శిని "దయచేసి కూర్చోకండి" అనేలోపే లింగమూర్తి కూర్చున్నాడు.

బక్కపలచని జాకీల కోసం చేసిన కుర్చీ అది. లేవబోతే ఆయనతో పాటు అదీ లేచింది.

"సార్, ఊపిరి బయటికి వదలండి," అంది ప్రియదర్శిని.

"వదిలినమ్మా. ఇగ లోపల ఏం మిగల్లే."

జనం మూగారు. మెడలో ఆఫీసు ట్యాగుతో ఉన్న ఒకతనికి ఆ గదిలో ఏం పూనిందో, "కుర్చీతో వస్తాడా, కుర్చీ లేకుండానా? పందెం ఒక చాయ్!" అని కేకేశాడు.

అందరికన్నా ముందు చెయ్యెత్తింది భాగ్యమ్మ. "కుర్చీతోనే!"

"ఏందే, మొగనికే ఎదురు కాస్తవా?"

"పెండ్లయిన కాన్నుంచి చూస్తున్న. సోఫాలకెల్లే లేవవు, గిందులకెల్లి లేస్తవా?"

లింగమూర్తికి రోషం పొడుచుకొచ్చింది. పళ్లు బిగబట్టి ఒక్క ఉదుటున లేచాడు. చర్రుమంది. మనిషి బయటికొచ్చాడు. ప్యాంటు వెనక సగం కుర్చీలోనే ఉండిపోయింది.

"వచ్చిండు!" అని కొందరు, "పూర్తిగా రాలేదు!" అని కొందరు గొడవకు దిగారు. ఫోన్లలో వీడియో వెనక్కి తిప్పి చూశారు. ఆఖరికి ప్రియదర్శిని గొంతు సవరించుకుంది.

"పందేల రూలు ప్రకారం జాకీని సామానుతో కలిపే తూచాలండి. సగం సామాను ఇంకా కాటా మీదే ఉంది. కాబట్టి ఈ పందెం చెల్లదు."

ఎవరి చాయ్ వాళ్లే కొనుక్కున్నారు.

మ్యూజియం దుకాణంలో మనుషుల ప్యాంట్లు లేవు. గుర్రానికి కప్పే దుప్పటి ఉంది, దాని మీద ఇంత పెద్ద ఏడో నంబరు. లింగమూర్తి దాన్నే లుంగీలా చుట్టుకుని మియాపూర్ వెళ్లడానికి మెట్రో ఎక్కాడు.

"నవ్వకే," అన్నాడు.

"నవ్వుతలేను," అంటూ భాగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ఇక ఆపుకోలేక పడీపడీ నవ్వింది. ఆమెను చూసి ఆయనకూ నవ్వాగలేదు. దుప్పటి జారబోతే ఇద్దరూ కలిసి పట్టుకున్నారు.