ఎవరి వారంలో అరిగింది

తెలుసు వాడికి, తెలిసే ఇచ్చాడు, ఆదివారం పొద్దున బండి తెచ్చి అరుగు పక్కన నిలబెట్టి, అన్నయ్యా అని ఒక్క మాటైనా లేకుండా గోడ అవతలి వాకిట్లోకి వెళ్ళిపోయాడంటే మనసులో ఏదో పెట్టుకునే వెళ్ళాడు, సొంత తమ్ముడు, ఒక తల్లి కడుపున పుట్టినవాడు, అని రామలింగం పళ్ళు కొరుక్కుంటూ, రోడ్డు దిగి గడ్డివాములోకి చొచ్చుకుపోయిన మోటారు సైకిలును రెండు చేతులా వెనక్కి లాగుతున్నాడు, అది రావడం లేదు, యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసినప్పుడు కొన్న బండి, ఏనుగంత బరువు, ఆగమంటే ఆగదు, కదలమంటే కదలదు, వెనక కట్టిన మూట తాడు తెగి రోడ్డు పక్కన విచ్చుకుని పడింది, హనుమాన్ జంక్షన్లో అమ్ముడుపోగా మిగిలిన మంగళగిరి చీరలు, ఎర్ర అంచువి, పసుపు అంచువి, అన్నీ బురదలో, మోకాలి చిప్ప చెక్కుకుపోయింది, పంచె చిరిగింది, ఇదంతా వాడి చలవే, ఆ ఏడుకొండలుగాడి చలవే.

ఇందాక రామవరప్పాడు దగ్గర వంతెన దిగుతుంటే నెత్తిన పచ్చగడ్డి మోపుతో ఒక ఆడమనిషి రోడ్డు దాటుతోంది, హారను కొట్టాడు, ఆమె అటా ఇటా అని తడబడి నడిరోడ్డున నిలబడిపోయింది, ఎడమ కాలితో బ్రేకు తొక్కాడు, కాలు అడుగంటా దిగిపోయింది, చక్రంలో ఇనుము మీద ఇనుము గీసినట్టు కీచుమంది, అంతే, బండి అదే పోత పోయింది, ముందు బ్రేకు తీగ ఎప్పుడో సాగిపోయి ఊరికే వేలాడుతోంది, ఇంకేం చేస్తాడు, కుడివైపు కాలవ, ఎదురుగా మనిషి, ఎడమవైపు గడ్డివాము, హ్యాండిలు ఎడమకు తిప్పి కళ్ళు మూసుకున్నాడు, ఆమె చీర కొంగు చేతికి రాసుకుంటూ పోయిన సంగతి మాత్రం తెలుసు, కళ్ళు తెరిచేసరికి నోటి నిండా గడ్డి, వెనక కేకలు, పొలంలో నాట్లు వేస్తున్న వాళ్ళు తెరేసమ్మా, తెరేసమ్మా అంటూ పరిగెత్తుకొస్తున్నారు, ఆమె రోడ్డు మీద చతికిలబడి, మోచేయి పట్టుకుని, పెద్ద మనిషే, తన పెద్దక్క వయసుంటుంది, లేచీ లేవకముందే మొదలుపెట్టింది, ఏమయ్యా, మనిషివా, దున్నపోతువా, రోడ్డు నీ బాబు వేయించాడా, రెండంగుళాల్లో పోయేదాన్ని కదయ్యా, నేను పోతే నా గేదెకి గడ్డి నువ్వు కోస్తావా. బ్రేకు పోయిందమ్మా, నా తప్పు కాదు, నిన్నటిదాకా బండి మా తమ్ముడి దగ్గరుంది, వాడు చెప్పకుండా ఇచ్చాడు అన్నాడు రామలింగం, అంటుంటే తనకే గొంతు పీలగా వినపడింది. నీ తమ్ముణ్ణి నేను చూళ్ళేదు, నా మీదకి వచ్చింది నువ్వు అంది ఆమె, మోపు ఎత్తబోతే వద్దులే, ముట్టుకోకు అని పక్కవాళ్ళ చేత ఎత్తించుకుని, కుంటుతూ, తిడుతూనే పోయింది, నలుగురిలో మాట పడ్డాడు, ఎవడి మూలంగా, వాడి మూలంగా.

బెజవాడ దాకా మొదటి గేరులోనే, రెండు కాళ్ళూ నేలకు ఆనిస్తూ, ఎడ్లబండ్లు కూడా దాటిపోతుంటే, ఎండ నెత్తిన మాడుస్తుంటే, సిగ్గు కాదు మంట, ఒళ్ళంతా మంట, ఇంటికి పోయి వాణ్ణి కాలరు పట్టుకుని వీధిలోకి లాగాలి, చంపుదామనుకున్నావురా అని అడగాలి, నాన్న పోయాక ఇల్లు పంచుకున్నాం, వాకిలి మధ్య గోడ కట్టుకున్నాం, మగ్గాలు పంచుకున్నాం, బావిలో నీళ్ళకి కూడా వంతులు పెట్టుకున్నాం, బండి ఒక్కటే, దాన్ని కోసి పంచుకోలేం గనక పెద్దమనుషులు కూర్చుని ఒక వారం నీది, ఒక వారం వాడిది అన్నారు, ఎవరి వారంలో చెడితే వాళ్ళే బాగు చేయించుకోవాలన్నారు, అప్పుడు తల ఊపావు కదరా, మరి నీ వారంలో అరిగిన బ్రేకు నా వారంలోకి తోస్తావా, గట్టిగా తొక్కకుండా, నెమ్మదిగా, జాగ్రత్తగా వారం గడిపేసి నా నెత్తిన పడేస్తావా, ఎంత నక్క తెలివి, చిన్నప్పుడు కూడా అంతే, వాడు పలక పగలగొడితే దెబ్బలు నాకు, కాదులే, అది వేరు, అప్పుడు నేనే పగలగొట్టానని నేనే అమ్మతో చెప్పాను, అది వేరు సంగతి, నిన్న హనుమాన్ జంక్షన్ పోయేటప్పుడు రోడ్డంతా ఖాళీ, బ్రేకుతో పనే పడలేదు, గీరుడు చప్పుడు కూడా లేదు, వాడి వారంలో బ్రేకుకి కొత్త లైనింగు పట్టీ వేయించి ఉంటాడనుకున్నాను, ఎందుకనుకున్నాను, అనుకున్నానంతే, మనిషన్నాక వేయిస్తాడు కదా, ఇప్పుడు ఆ సంగతి దేనికి, వాడు వేయించలేదు, అదీ సంగతి.

ఏలూరు రోడ్డు మీద ఏసుపాదం షెడ్డు, యుద్ధంలో లారీలు బాగు చేసి వచ్చినవాడు, మనిషి మెతక, ఏంటి రామలింగం గారూ గడ్డి తింటున్నారా అన్నాడు తలలో పరకలు చూసి, నవ్వబోయి ఈయన మొహం చూసి ఆపేశాడు, వెనక చక్రం విప్పి, దాని నడుమ డ్రమ్ములోంచి రెండు నెలవంక ముక్కలు తీసి కింద గోనె మీద పెట్టాడు, చూడండి, ఈ షూ మీద లైనింగు అన్నదే లేదు, రివిట్లు కూడా అరిగి నునుపు తేలాయి, అందుకే ఈమధ్య గీరుడు కూడా ఆగిపోయి ఉంటుంది, ఇక మిగిలింది ఇనుమే. మామూలుగా ఎంత కాలం రావాలయ్యా ఇది అని అరిచాడు రామలింగం, లెక్క తేలాలి, తప్పు ఎవడిదో ఇక్కడే తేలాలి. అది చెప్పలేమండి, అందరికీ ఒకలా రాదు, ఒంటరిగా టౌన్లో తిరిగే బండికి రెండేళ్ళు వస్తుంది, మీరు మూటలు వేసుకుని కాలవ గట్ల దుమ్ములో తిరుగుతారు, ఏడాది వస్తే గొప్ప, పెడలు మీద ఊరికే కాలు ఆనించి తోలితే అదీ రాదు. ఆ, మా వాడికి ఆ అలవాటే, పెడలు మీంచి కాలు తియ్యడు అన్నాడు రామలింగం, నిజానికి తమ్ముడు తోలుతుంటే ఎప్పుడూ చూసింది లేదు, వాడి వారంలో కిటికీ మూసుకుని కూర్చుంటాడు తను. ఏసుపాదం ఆ మాట పట్టించుకోలేదు, షూ అటూ ఇటూ తిప్పుతూ, గీరడం మొదలై ఎన్నాళ్ళయిందండి, అప్పుడే వచ్చుంటే డ్రమ్ము దెబ్బ తినేది కాదు అన్నాడు, మామూలుగా అడిగాడు, టీ తాగారా అని అడిగినట్టు, వేసేవి చూపించు ముందు అని కసిరాడు రామలింగం.

రెండు రకాలు తెచ్చి పెట్టాడు, ఇదుగో, ఇది బియ్యం మిల్లు బెల్టు కోసి రివిట్లు కొట్టింది, ఇప్పటికిప్పుడు పని జరుగుతుంది, కొత్తలో బాగానే పడుతుంది, వానలో తడిస్తే జారుతుంది, వేడెక్కితే పట్టు వదిలేస్తుంది, ఒకటి రెండు వారాలు మీకే ఇబ్బందీ ఉండదు, ఇది మిలిటరీ సరుకు, ఇత్తడి తీగ కలిపి నేసిన పట్టీ, అసలు బండితో వచ్చేది ఇదే, రామలింగం ఆ పట్టీని చేతిలోకి తీసుకున్నాడు, బొటనవేలు దానంతటదే పట్టీ మీద నడిచింది, గట్టి నేత, పడుగూ పేకా ఎక్కడా వదులు లేదు, మంచి సరుకు, దాన్ని పెట్టేసి బెల్టు ముక్క తీశాడు, ఒకటి రెండు వారాలు అన్నాడు కదా, ఒక వారం నాది, రెండో వారం వాడిది, వేయించు, ఇదే వేయించు, కొత్తదే వేయించానురా అని నలుగురిలో చెప్పొచ్చు, నా వారం హాయిగా గడుస్తుంది, తర్వాత వాడు పడతాడు, వాడికి తెలిసి రావాలి, గడ్డివాము కూడా దొరక్కూడదు వాడికి, ఏసుపాదం ఇదే వెయ్యి అనబోయాడు, అంతలో కళ్ళముందు బండి మీద వాడొక్కడే కాదు, వాడి వెనక చౌడేశ్వరి కూడా కనపడింది.

చౌడేశ్వరి, తమ్ముడి భార్య, కడుపుతో ఉన్న పిల్ల, కాపరానికి వచ్చాక బావగారి ఎదుటపడి పలకని మనిషి, కిందటి వారం వాళ్ళు ఇబ్రహీంపట్నం ప్రయాణమవుతున్న పొద్దున, ఆమె పుట్టింటికి, గోడ పక్కన తలుపు చాటుగా నిలబడి, బావగారూ, నిన్న బజారుకి తీసుకెళ్ళినప్పుడు చక్రంలో ఏదో గీరినట్టు చప్పుడయింది, ఆయనకి చెబితే అదేం లేదులే అంటున్నారు, మీకు తెలుస్తుంది కదా, బండి బాగుందాండీ అని అడిగింది, ఆమె అడిగేసరికి తను ఏం చేస్తున్నాడు, పళ్ళు తోముకుంటున్నాడు, గీరుడు తనకి తెలుసు, తన వారంలోనే మొదలయింది, గన్నవరం నుంచి వస్తుంటే విన్నాడు, విని, ఆదివారం దాకా నెమ్మదిగా, గట్టిగా తొక్కకుండా, జాగ్రత్తగా తోలి, ట్యాంకు గుడ్డతో తుడిచి మరీ ఇచ్చాడు, పుక్కిట నీళ్ళు ఉమ్మేసి, బాగుందమ్మా, నిక్షేపంలా ఉంది అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్నాడు, గోడ అవతల ఏడుకొండలు గొంతు, విన్నావుగా, అన్నయ్య బాగుందన్నాడు, ఇంకేం భయం, ఎక్కు, బండి స్టార్టయిన చప్పుడు, వాళ్ళు వెళ్ళింది ఏ రోడ్డున, ఒకవైపు కొండ, ఒకవైపు కృష్ణ, ఏటవాలుగా దిగే రోడ్డున, వెనక కడుపుతో ఉన్న మనిషి, తిరిగి వచ్చారు, వచ్చారు గనక సరిపోయింది, రాకపోతే, రాకపోతే ఏం చెప్పేవాడివి, ఎవడి వారం అని పెద్దమనుషుల్ని అడిగేవాడివా, థూ, అని గట్టిగానే అన్నాడు, ఏసుపాదం ఉలిక్కిపడి చూశాడు, బెల్టు ముక్క గోనె మీద విసిరికొట్టి, ఆ మిలిటరీది వెయ్యి, ముందు చక్రానికి కూడా వెయ్యి, తీగ మార్చు, డ్రమ్ము పనికిరాకపోతే మార్చు అన్నాడు, చెంప మీద ఎవరైనా కొడితే బాగుండును, ఆ తెరేసమ్మ కొట్టినా బాగుండేది, ఏంటండీ, ఎవరి మీదండీ ఇంత కోపం అన్నాడు ఏసుపాదం, రామలింగానికి ఆదివారం పొద్దున వాడు బండి తెచ్చి మాట్లాడకుండా పోవడం మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది, ఈసారి వాడి మొహంలో నక్క తెలివి వెతికితే దొరకలేదు, బండి బాగుందనే నమ్మాడు, చెప్పడానికి వాడి దగ్గర ఏమీ లేదు, అందుకే చెప్పలేదు, ఇల్లు రెండు చేసుకున్నారు, పలకరింపులు మానేశారు, మధ్యన ఇటుకల గోడ లేచింది, అయినా తమ్ముడు ఇంకా అన్న మాట నమ్మి, భార్యని వెనక ఎక్కించుకుని, ఆ కొండ రోడ్డు దిగుతున్నాడు.