నెమ్సి

మా జార్జియా భాషలో సూదిని నెమ్సి అంటాం. థెస్సలోనికికి కొత్తగా వచ్చిన ఖతునాకు గ్రీకు రాదు, బీమా లేదు. కాన్పు ఖర్చుకే మొగుడూ పెళ్లాలు తమ పెళ్లి ఉంగరాలు అమ్ముకున్నారు. నొప్పి తెలియకుండా ఇచ్చే సూదికి మళ్లీ వేరే బిల్లట. తన మాటలు గ్రీకులో చెప్పడానికి వెంట వెళ్లిన నా చేత ఆసుపత్రి మెట్ల మీదే ఒట్టు వేయించుకుంది.

"లోపల నేనెంత ఏడ్చినా సూది సంగతి వాళ్లకి చెప్పకు పిన్నీ. అమ్మని పిలుస్తున్నానని చెప్పు."

"పిచ్చిదానా, ఒళ్లు హూనమైపోతుందే," అన్నాను. వినలేదు.

సాయంత్రానికి ఆ ఒట్టు తనే మరిచిపోయింది. మంచం చువ్వ పట్టుకుని, "నెమ్సి, పిన్నీ, నెమ్సి అడుగు" అని ఒకటే ఏడుపు. ఆ బిల్లులు రాసేవాళ్ల మీద, నేను వేసిన ఒట్టు మీద నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరమ్మా ఈ నెమ్సి?" అని డాక్టరమ్మ నన్నడిగింది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "వాళ్లమ్మండీ," అన్నాను.

డాక్టరమ్మ జాలిపడి ఖతునా నుదురు నిమిరింది. "నెమ్సి వచ్చేస్తుందిలే తల్లీ, వచ్చేస్తుంది," అంది గ్రీకులో.

ఖతునాకు అర్థమైంది నెమ్సి అన్న ఒక్క మాటే. ఏడుపు ఆపి, చొక్కా చేతిని పైకి మడిచి, చెయ్యి చాచింది.